గాయం ఒకరిది, పతకం మరొకరిదా?

హైదరాబాద్‌కు పడమటి, దక్షిణ అంచుల్లో 2008లో మూడు పనులు పూర్తయ్యాయి. మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయంలో రాకపోకలు మొదలయ్యాయి. బేగంపేట పాత విమానాశ్రయం మామూలు ప్రయాణికులకు మూతపడింది. అదే ఏడాది గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ తలుపులు తెరిచింది. నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా 22 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు తొలి భాగం వాడకంలోకి వచ్చింది. విమానాశ్రయం, రోడ్డు, షటిల్ కోర్టులు ఒకే చరిత్రలోకి వస్తాయని అప్పట్లో ఎవరూ అనుకొని ఉండరు. నాలుగేళ్ల తర్వాత ఒక ఒలింపిక్ పతకం శంషాబాద్‌లో దిగి ఊళ్లోకి వచ్చింది. ఆ తర్వాత మరో రెండు వచ్చాయి.

2012 ఆగస్టులో లండన్ కాంస్యంతో సైనా నెహ్వాల్, 2016 ఆగస్టులో రియో రజతంతో పి.వి. సింధు, 2021 ఆగస్టులో టోక్యో కాంస్యంతో మళ్లీ సింధు. పూలదండలు, మంత్రులు, కెమెరాలు, విమానాశ్రయం బయట తోపులాట. పత్రికల పాత ఫొటోల్లో మిగిలింది ఇదే. ఈ కాలాన్ని తేదీల వారీగా పరిచి చూస్తే మాత్రం, దాదాపు ప్రతి మలుపులోనూ ఒక మోకాలో చీలమండో అడ్డు తగులుతుంది. కొన్నిసార్లు అది మన క్రీడాకారిణిది, కొన్నిసార్లు ఎదుటి క్రీడాకారిణిది. పేరున్న ఆటగత్తె గాయపడ్డప్పుడు చాంపియన్‌షిప్ ఏమవుతుంది? ‘ఆమె పడిపోయింది కనుక ఈమెకు దక్కింది’ అని తేల్చేసే అలవాటు మనకుంది. ఆ మాట అక్షరాలా నిజమైన సందర్భాలు ఈ కథలో ఉన్నాయి. కానీ అవి తక్కువ. మిగతా చోట్ల జరిగింది వేరు.

కథ మొదటి మోకాలు గోపీచంద్‌ది. 1994లో పుణెలో జరిగిన జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ పడిపోయాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. మోకాలి లోపలి లిగమెంటు తెగింది. ఆ రోజుల్లో మన దేశంలో క్రీడా వైద్యం ఇంకా నడక నేర్చుకుంటోంది. ఒకటికి మించి శస్త్రచికిత్సలు, నెలల తరబడి వ్యాయామం తర్వాత అతను మళ్లీ కోర్టెక్కాడు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు అతనొక్కడే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు ఇచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టి, దాతల దగ్గరికి తిరిగి అక్కడ కోర్టులు కట్టించాడు. మోకాలు పోతే ఆటగాడి జీవితం ఎలా ఆగిపోతుందో స్వయంగా చూసిన మనిషి ఆ అకాడమీకి పెద్ద అయ్యాడన్నది ముందుముందు అక్కరకొచ్చే విషయం.

సైనా హర్యానాలో పుట్టింది. తండ్రి హర్వీర్ సింగ్ వ్యవసాయ శాస్త్రవేత్త. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో ఆయన ఉద్యోగం. శంషాబాద్‌కు పోయే దారిలోనే ఉంటుంది రాజేంద్రనగర్. అప్పటికి విమానాశ్రయం లేదు, అటువైపు పొలాలూ పరిశోధన క్షేత్రాలే. తెల్లవారుజామున స్కూటర్ వెనక కూర్చోబెట్టుకొని కూతుర్ని లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లేవాడు తండ్రి. అక్కడ నాని ప్రసాద్, తర్వాత ఎస్.ఎం. ఆరిఫ్, ఆ తర్వాత గోపీచంద్. సింధుది సికింద్రాబాద్ రైల్వే కుటుంబం. తల్లిదండ్రులు రమణ, విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో రమణ ఉన్నారు. మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రానూపోనూ రోజుకు 56 కిలోమీటర్లు ప్రయాణించేదని అప్పటి పత్రికలు రాశాయి. ఇద్దరమ్మాయిలకూ అయిదేళ్లు తేడా. ఒకే గురువు. ఒకే విభాగం, మహిళల సింగిల్స్.

లండన్ దగ్గర కాస్త ఆగాలి. 2012 ఆగస్టు 4, వెంబ్లీ అరీనా, కాంస్యం కోసం మ్యాచ్. సెమీఫైనల్లో వాంగ్ యిహాన్ చేతిలో 13-21, 13-21తో ఓడిన సైనాకు ఎదురుగా నిలిచింది మరో చైనా క్రీడాకారిణి వాంగ్ జిన్. అంతకుముందు ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న మనిషి. తొలి గేమ్‌లో ఆమెదే పైచేయి. 20-18 దగ్గర, ఇంకొక్క పాయింటు వస్తే గేమ్ ముగుస్తుందనగా, కాలు మోపడంలో తేడా వచ్చి కింద పడింది. వైద్యుడు కోర్టులోకి వచ్చాడు. మోకాలికి పట్టీ వేశారు. లేచి ఆ పాయింటూ గెలిచింది, గేమ్ 21-18. రెండో గేమ్ మొదలైంది. మొదటి పాయింటు కూడా ఆమెదే. ఆ తర్వాత నిలబడలేకపోయింది. 21-18, 1-0 ఆధిక్యంలో ఉన్న క్రీడాకారిణి ఆట వదిలేసింది. భారత బ్యాడ్మింటన్‌కు తొలి ఒలింపిక్ పతకం వచ్చింది.

స్కోరుబోర్డు ప్రకారం సైనా ఆ మ్యాచ్‌లో ఒక్క గేమ్ కూడా గెలవలేదు. ఇంత పచ్చిగా ఒకరి గాయం మరొకరి పతకమైన సందర్భం ఒలింపిక్ చరిత్రలోనే అరుదు. ఆ కాంస్యాన్ని ‘అదృష్టం’ అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను ఒప్పుకోను. కాంస్య పోరుకు చేరాలంటే ముందు సెమీఫైనల్ దాకా అన్ని రౌండ్లు గెలవాలి. 2008 బీజింగ్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి ఆగిపోయిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి నాలుగేళ్లలో ఆ ఒక్క మెట్టు ఎక్కింది. చివరి మ్యాచ్‌లో ఎదుటి మోకాలు తెగడం ఆమె చేతిలో లేదు. ఆ సమయానికి ఆ కోర్టులో నిలబడి ఉండటం మాత్రం ఆమె సంపాదించుకున్నదే. వాంగ్ జిన్ ఆ తర్వాత అంతర్జాతీయ ఆటలో ఎక్కువ కాలం నిలవలేదు. మరుసటి ఏడాదే తప్పుకుంది.

నాలుగేళ్లకు లెక్క తిరగబడింది. 2016 జూన్‌లో సిడ్నీలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి సైనా మంచి ఊపు మీద ఉంది. అప్పటికి ఆమె గోపీచంద్‌ను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గర సాధన చేస్తోంది. 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది, అదే ఏడాది జకార్తాలో ప్రపంచ చాంపియన్‌షిప్ రజతం గెలిచింది. రియోకు అయిదో సీడ్. సింధుకు తొమ్మిదో సీడ్. పతకం ఆశలన్నీ సైనా మీదే. అయితే బయలుదేరే ముందే కుడి మోకాలిలో నొప్పి, వాపు. ఆగస్టు 11న బ్రెజిల్ అమ్మాయి లోహైనీ విసెంటిని 21-17, 21-17తో ఓడించింది. ఆ స్కోరులోనే ఏదో తేడా కనిపించింది. ఆగస్టు 14న ఉక్రెయిన్‌కు చెందిన మరియా ఉలిటినా చేతిలో 18-21, 19-21తో ఓడి గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది. ప్రపంచ ర్యాంకింగ్‌లో అరవై దాటి ఉన్న క్రీడాకారిణి ఉలిటినా. ఎదురుగా వచ్చే షటిల్ అందుకోవడానికి ముందుకు అడుగు వేయాల్సిన చోట సైనా వంగి చేయి మాత్రమే చాస్తోందని ఆ మ్యాచ్ చూసినవాళ్లకు తెలుసు. ఆ తర్వాత ముంబై ఆసుపత్రికి, శస్త్రచికిత్సకు.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. సింధు తై జు యింగ్‌ను 21-13, 21-15తో, లండన్ రజత విజేత వాంగ్ యిహాన్‌ను 22-20, 21-19తో, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారాను 21-19, 21-10తో ఓడించింది. ఆగస్టు 19న ఫైనల్లో స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్ ఎదురైంది. తొలి గేమ్‌లో 16-19తో వెనకబడి, వరుసగా అయిదు పాయింట్లు తీసి 21-19తో గెలిచింది. తర్వాతి రెండు గేములు 12-21, 15-21తో పోయాయి. ఒలింపిక్ రజతం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది.

‘సైనా తప్పుకుంది, సింధుకు దారి ఖాళీ అయింది’ అని ఆ వారం చాలామంది అన్నారు. డ్రా కాగితం ముందు పెట్టుకుంటే ఈ మాట నిలవదు. సైనా గ్రూపు మారిన్, లీ షుయెరుయ్ ఉన్న సగంలో పడింది. సింధుది వాంగ్ యిహాన్, ఒకుహారా ఉన్న సగం. ఇద్దరూ ఎదురుపడాలంటే ఫైనల్ దాకా రావాలి. సైనా మోకాలు బాగుండి ఉంటే లాభపడేది, నష్టపోయేది సైనా ఉన్న సగంలోని వాళ్లు. సైనా స్థానంలో గ్రూపు గెలిచి ముందుకెళ్లిన ఉలిటినా ప్రిక్వార్టర్స్‌లో థాయ్‌లాండ్ క్రీడాకారిణి పోర్న్‌టిప్‌కు తలవంచింది. సింధు ఓడించిన ముగ్గురూ పూర్తి ఆరోగ్యంతో ఆడినవారే. మరొకరి గాయం సింధుకు ఒక్క పాయింటు కూడా తెచ్చిపెట్టలేదు.

సైనా ఉన్న సగంలో మాత్రం నిజంగానే ఒక మోకాలు ఫలితాన్ని తిప్పింది. లండన్ స్వర్ణ విజేత లీ షుయెరుయ్, సెమీఫైనల్లో మారిన్‌తో ఆడుతూ ఎడమ మోకాలికి దెబ్బ తగిలించుకుంది. ఆ మ్యాచ్ 14-21, 16-21తో ఓడింది. కాంస్య పోరుకు రాలేదు. సింధు చేతిలో ఓడిన ఒకుహారా ఆట ఆడకుండానే వాకోవర్ ద్వారా కాంస్యం అందుకుంది. అంటే రియో మహిళల సింగిల్స్‌లో గాయం చేసిన నికరమైన మార్పు జపాన్ ఖాతాలో పడింది, హైదరాబాద్ ఖాతాలో కాదు. లీ దాదాపు రెండేళ్ల పాటు ఆటకు దూరమైంది.

ఆగస్టు 22 ఉదయం సింధు, గోపీచంద్ శంషాబాద్‌లో దిగారు. పైకప్పు లేని డబుల్ డెక్కర్ బస్సును ముంబై నుంచి తెప్పించారు. గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగింపు. రాష్ట్రం విడిపోయి రెండేళ్లే అయింది కనుక ఇద్దరు ముఖ్యమంత్రులూ పోటీ పడ్డారు. తెలంగాణ అయిదు కోట్లు, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు ప్రకటించాయి. స్థలాలు, గ్రూప్-1 ఉద్యోగాలు వేరు. ఆ హడావిడిలో సైనా పేరు వినబడలేదు. నిజానికి ఆ ఊరేగింపులో గమనించాల్సిన విషయం ఒకటుంది. దేశం పతకం ఆశించిన క్రీడాకారిణి కుప్పకూలితే, అదే ఊళ్లో, అదే గురువు దగ్గర పెరిగిన మరో క్రీడాకారిణి అయిదు రోజుల్లో అంతకంటే పెద్ద పతకం తెచ్చింది. దాన్ని వ్యక్తుల అదృష్ట దురదృష్టాలుగా చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది.

ఒకరు పడితే మరొకరు నిలబడటాన్ని జట్టు ఆటల్లో అర్థం చేసుకోవడం తేలిక. అమెరికాలో మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ చాంపియన్‌షిప్‌ను చూడండి. 2025 మార్చి 24న లాస్ ఏంజెలెస్‌లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టు తార జూజూ వాట్కిన్స్ ఆట మొదలైన కాసేపటికే కుడి మోకాలు పట్టుకొని పడిపోయింది. లిగమెంటు తెగింది. ఆ మ్యాచ్‌ను మిగతావాళ్లు 96-59తో గెలిచారు, తర్వాతి రౌండూ దాటారు. కానీ చివరి ఎనిమిది జట్ల దశలో యూకాన్‌గా పిలిచే కనెక్టికట్ విశ్వవిద్యాలయం చేతిలో 64-78తో ఓడారు. విచిత్రమేమిటంటే ఆ ఏడాది చాంపియన్ అయిన యూకాన్ జట్టు అంతకుముందు మూడేళ్లూ ఇదే దెబ్బలు తిన్న జట్టు. దాని తార పేజ్ బకర్స్ 2022 ఆగస్టులో లిగమెంటు తెంచుకొని ఏడాదంతా ఆడలేదు. ఆ సీజన్లో, వరుసగా 14 సార్లు సెమీస్ చేరిన యూకాన్ రికార్డు తెగిపోయింది. 2023 నవంబరులో అజీ ఫడ్‌కూ అదే గాయం. ఇద్దరూ కోలుకొని 2025 ఏప్రిల్ 6న టాంపాలో సౌత్ కరోలినాను 82-59తో ఓడించినప్పుడు, ఫైనల్స్ ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఫడ్‌కే వచ్చింది.

అదే ఏడాది మన ఇంట్లోనూ ఒక ఉదాహరణ ఉంది. మహిళల క్రికెట్ ప్రపంచకప్‌లో ఓపెనర్ ప్రతీకా రావల్ అక్టోబరు 26న నవీ ముంబైలో ఫీల్డింగ్ చేస్తూ చీలమండ దెబ్బతీసుకుంది. మొదట జట్టులోనే లేని షెఫాలీ వర్మను పిలిపించారు. నవంబరు 2న ఫైనల్లో ఆమె 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసింది. ఆ జట్టులో 14 వికెట్లు తీసిన కడప అమ్మాయి శ్రీచరణి, హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి కూడా ఉన్నారు. జట్టు ఆటకు రిజర్వ్ బెంచ్ ఉంటుంది. ఒకరు పోతే మరొకరిని దింపే వీలు నిబంధనల్లోనే ఉంది.

బ్యాడ్మింటన్ సింగిల్స్‌కు బెంచ్ లేదు. మోకాలు పోతే మ్యాచ్ పోతుంది. ఆ బెంచ్‌ను నిబంధనలు ఇవ్వలేదు కనుక హైదరాబాద్ కోర్టులు తయారు చేసుకున్నాయి. ఒకే స్థాయి క్రీడాకారిణులు ఇద్దరు ముగ్గురు ఒకే ఊళ్లో రోజూ ఒకరిపై ఒకరు ఆడుతూ ఉండటమే ఆ బెంచ్. అది పైకి కనపడింది 2018లో.

గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలకు బయలుదేరే ముందు గచ్చిబౌలిలో సాధన చేస్తూ సింధు కుడి చీలమండ బెణికించుకుంది. ఎముకకు దెబ్బ లేదని స్కానింగులో తేలినా, మిక్స్‌డ్ టీమ్ పోటీలో ఆమెను కాపాడుకోవాలని నిర్ణయించారు. టీమ్ పోటీలో అయిదు మ్యాచ్‌లు ఉంటాయి, మహిళల సింగిల్స్ ఒక్కటే. అప్పటికి సింధు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మూడు పతకాలు గెలిచిన క్రీడాకారిణి. మరే దేశానికైనా ఆ స్థాయి క్రీడాకారిణి తప్పుకుంటే ఆ పాయింటు మీద ఆశ వదులుకోవాల్సిందే. భారత్‌కు సైనా ఉంది. ముంబై శస్త్రచికిత్స తర్వాత మూడు నెలల్లోనే కోర్టులో అడుగుపెట్టి, 2017 జనవరిలో మలేషియా మాస్టర్స్ గెలిచి, ఆగస్టులో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చుకొని, ఆ తర్వాత మళ్లీ గోపీచంద్ దగ్గరికి వచ్చేసిన సైనా. ఆ జట్టులో ఖమ్మం అమ్మాయి గద్దె రుత్విక శివాని కూడా ఉంది.

ఏప్రిల్ 9న ఫైనల్. ఎదురుగా మలేషియా, ఆ స్వర్ణాన్ని వరుసగా మూడు కామన్వెల్త్ క్రీడల్లో గెలిచిన జట్టు. మిక్స్‌డ్ డబుల్స్‌లో అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, అశ్విని పొన్నప్ప మూడు గేముల్లో గెలిచారు. గుంటూరు కిదాంబి శ్రీకాంత్ 21-17, 21-14తో లీ చాంగ్ వీని ఓడించాడు. పురుషుల డబుల్స్ పోయింది. 2-1. మహిళల సింగిల్స్‌లో సోనియా చియాతో సైనా. తొలి గేమ్ 21-11. రెండోది 19-21. మోకాలికి శస్త్రచికిత్స జరిగి ఇరవై నెలలైన క్రీడాకారిణి మూడో గేమ్‌కు దిగితే కాలు ఏమంటుందోనని చూసేవాళ్లకే భయం. ఆ గేమ్ 21-9తో ముగిసింది. కామన్వెల్త్ మిక్స్‌డ్ టీమ్‌లో భారత్‌కు అదే మొదటి స్వర్ణం. ఆరు రోజుల తర్వాత వ్యక్తిగత ఫైనల్లో, కోలుకొని వచ్చిన సింధును అదే సైనా 21-18, 23-21తో ఓడించింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అతి ముఖ్యమైన వారం ఇది. ఊరేగింపులు జరిగిన 2012 గానీ 2016 గానీ కాదు.

ఇక కరోలినా మారిన్ కథ. హైదరాబాద్ క్రీడాకారిణుల చరిత్రలో ఆమె మోకాళ్లకు విడిగా ఒక అధ్యాయం రాయాలి. తొడ ఎముకనూ కాలి ఎముకనూ మోకాలి లోపల ఏటవాలుగా పట్టి ఉంచే లిగమెంటును ఏసీఎల్ అంటారు. కాలి ఎముక ముందుకు జారకుండా, మెలిపడకుండా ఆపేది అదే. బ్యాడ్మింటన్‌లో ఇది తెగే తీరుకు ఒక క్రమం ఉందని జపాన్ వైద్యులు గుర్తించారు. తల మీదుగా వచ్చే షటిల్‌ను బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక్కి జరిగి, ఎగిరి కొట్టి, ఒంటికాలి మీద దిగేటప్పుడు, రాకెట్ పట్టిన చేతికి అవతలి వైపు మోకాలు లోపలికి వంగి తెగుతుంది. మారిన్‌ది ఎడమచేతి వాటం. అంటే ప్రమాదంలో ఉండేది కుడి మోకాలు. లీ షుయెరుయ్ కుడిచేతి వాటం, పోయింది ఎడమ మోకాలు. ఎగిరి దిగే ఆటలన్నింటిలోనూ పురుషుల కంటే స్త్రీలలో ఈ గాయం ఎక్కువన్నది వైద్యులు చాలాకాలంగా చెబుతున్న మాట. దిగేటప్పుడు మోకాలు లోపలికి పోకుండా తొడ, తుంటి కండరాలకు తర్ఫీదు ఇవ్వడమే దానికి వాళ్లు చెప్పే మొదటి విరుగుడు.

2019 జనవరి 27న జకార్తాలో ఇండోనేసియా మాస్టర్స్ ఫైనల్. మారిన్ ఎదుట సైనా. తొలి గేమ్‌లో మారిన్ 10-4 ఆధిక్యంలో ఉండగా కుడి మోకాలు తెగింది. టైటిల్ సైనాదైంది. లండన్ మళ్లీ ముందుకొచ్చినట్టుంది కదా. ఈసారి తేడా ఒకటుంది. 2012లో సైనాకు మోకాలు పోవడమంటే ఏమిటో తెలియదు, 2019లో తెలుసు. సైనా గెలిచిన చివరి అంతర్జాతీయ టైటిల్ అదే.

మారిన్ లేకపోవడం వల్ల సింధుకు కలిసొచ్చిందా? 2019 ఆగస్టులో బాసెల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌కు మారిన్ రాలేదు. 2016 ఒలింపిక్ ఫైనల్లోనూ, 2018 నాన్జింగ్ ప్రపంచ ఫైనల్లోనూ సింధును ఓడించింది ఆమే కనుక ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ బాసెల్‌లో సింధు క్వార్టర్స్‌లో తై జు యింగ్‌పై తొలి గేమ్ 12-21తో పోగొట్టుకొని 23-21, 21-19తో లేచింది. సెమీస్‌లో చెన్ యుఫెయ్‌ని 21-7, 21-14తో, ఫైనల్లో ఒకుహారాను 21-7, 21-7తో చిత్తు చేసింది. అలాంటి స్కోర్లు మరొకరి గైర్హాజరీ ఇవ్వగలిగేవి కావు. టోక్యోకు ముందు 2021లో మారిన్‌కు ఈసారి ఎడమ మోకాలు పోయింది. ఒలింపిక్స్‌కు రాలేదు. ఆ ఖాళీ సింధును స్వర్ణం దాకా తీసుకుపోలేదు. సెమీఫైనల్లో తై జు యింగ్ 21-18, 21-12తో ఆపింది. ఆగస్టు 1న హి బింగ్‌జియావోను 21-13, 21-15తో ఓడించి కాంస్యం తెచ్చుకుంది. ఎదుటివారి గాయం తలుపు తీస్తుందేమో గానీ లోపలికి నడిపించదని ఈ రెండు పోటీలూ చెబుతాయి. 2024 పారిస్‌లో మారిన్ సెమీఫైనల్లో 21-14, 10-8 ఆధిక్యంలో ఉండగా కుడి మోకాలు మళ్లీ మొరాయించింది. అప్పుడు ఎదుట ఉన్నది ప్రిక్వార్టర్స్‌లో సింధును ఇంటికి పంపిన ఆ హి బింగ్‌జియావోనే.

సింధుకు తన సొంత కాలే ఎక్కువ నష్టం చేసింది. 2015లో ఎడమ పాదంలో ఎముక చిట్లి నెలల తరబడి ఆడలేదు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల క్వార్టర్ ఫైనల్లో మలేషియా అమ్మాయి గో జిన్ వెయ్‌తో ఆడుతుండగా ఎడమ చీలమండకు దెబ్బ. తప్పుకోలేదు. కాలికి పట్టీతోనే సెమీస్ ఆడింది, ఆగస్టు 8న ఫైనల్లో కెనడాకు చెందిన మిషెల్ లీని 21-15, 21-13తో ఓడించి స్వర్ణం గెలిచింది. పరీక్షల్లో ఎముక చిట్లిందని తేలింది. అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోయింది, ఏడాదిలో మిగిలిన టోర్నీలన్నీ పోయాయి. 2023 జనవరి దాకా కోర్టులోకి రాలేదు. ఒక స్వర్ణం కోసం అయిదు నెలలు. ఆ బేరం సరైనదా అని అడిగితే, ఆమె ఆట ఆ తర్వాత పాత స్థాయికి పూర్తిగా చేరలేదన్నది నా అంచనా. అయినా ఆ వారం ఆమె స్థానంలో ఉంటే తప్పుకునేవాళ్లు ఎంతమంది?

2023 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని రెన్‌లో థాయ్ క్రీడాకారిణి సుపనిద కతెథాంగ్‌పై తొలి గేమ్ గెలిచి, రెండో గేమ్ 1-1 దగ్గర మోకాలి నొప్పితో సింధు తప్పుకుంది. నాలుగు నెలలు ఇంట్లో. ఆ ఏడాది జూన్‌లో సింగపూర్‌లో సైనా ఆడిన మ్యాచే అంతర్జాతీయ వేదికపై ఆమెకు ఆఖరిది. మోకాళ్లలో ఆర్థరైటిస్ వచ్చిందని, మృదులాస్థి అరిగిపోయిందని, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటల సాధనకు శరీరం ఒప్పుకోవడం లేదని 2024లో హైదరాబాదీ షూటర్ గగన్ నారంగ్‌తో మాట్లాడుతూ ఆమే చెప్పింది. అంటే 2024 మొదట్లో భారత మహిళల జట్టుకు ఒక తార పూర్తిగా లేదు, రెండో తార నాలుగు నెలలుగా మ్యాచ్ ఆడలేదు.

ఆ స్థితిలో ఫిబ్రవరిలో మలేషియాలోని షా ఆలంలో ఆసియా టీమ్ చాంపియన్‌షిప్. మహిళల విభాగంలో భారత్ అంతకుముందు ఎప్పుడూ ఫైనల్ చేరలేదు. గ్రూపు దశలో చైనాపై 3-2. సెమీస్‌లో జపాన్. ఇక్కడ జరిగింది చూడాలి. సింగిల్స్‌లో అయ ఒహోరి చేతిలో సింధు 13-21, 20-22తో ఓడింది. అశ్వినితో కలిసి డబుల్స్ ఆడి అదీ ఓడింది. తార ఆడిన రెండు మ్యాచ్‌లూ పోయాయి. గోపీచంద్ కూతురు గాయత్రి, కేరళ అమ్మాయి ట్రీసా జాలీ మొదటి డబుల్స్‌లో 21-17, 16-21, 22-20తో గట్టెక్కారు. అస్సాం అమ్మాయి అష్మిత చాలిహా ఒకుహారాను ఓడించింది. 2-2 దగ్గర ఆఖరి సింగిల్స్‌కు దిగిన ఫరీదాబాద్ పదిహేడేళ్ల అమ్మాయి అన్‌మోల్ ఖర్బ్ 21-14, 21-18తో ముగించింది. గాయత్రి, ట్రీసాలు గచ్చిబౌలి కోర్టుల వాళ్లు, అన్‌మోల్ కాదు. బెంచ్ ఒక్క ఊరికే పరిమితం కాకుండా పోయిందన్న మాట.

ఫిబ్రవరి 18న ఫైనల్లో థాయ్‌లాండ్ ఎదురైంది. మొదటి సింగిల్స్‌లో సింధు ఎదుట నిలబడింది రెన్‌లో సగంలో వదిలేసిన ఆ సుపనిదే. ఈసారి 21-12, 21-12. గాయత్రి జోడీ మూడు గేముల్లో గెలిచింది. తర్వాతి రెండూ పోయాయి. మళ్లీ 2-2, మళ్లీ అన్‌మోల్. పోర్న్‌పిచాపై 21-14, 21-9. ఆసియా టీమ్ చాంపియన్‌షిప్ మహిళల స్వర్ణం తొలిసారి భారత్‌కు వచ్చింది. రెండున్నర నెలల తర్వాత చెంగ్డూలో మహిళల ప్రపంచ టీమ్ పోటీ అయిన ఊబర్ కప్‌కు, పారిస్ ఒలింపిక్స్ సన్నాహం కోసం సింధు వెళ్లలేదు, గాయత్రి జోడీ వెళ్లలేదు. కుర్ర జట్టు కెనడాను, సింగపూర్‌ను ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ జపాన్ 3-0తో ఆపింది.